పుట్టినరోజుకి మహాబలిపురం: లైట్‌హౌస్ ఎక్కి, రాత్రికి దాని వెలుగు లెక్కపెట్టి రావడం ఎలా

మొదటిసారి వెళ్లినప్పుడు మేం చేసిన తప్పులు ముందు చెప్పేస్తాను, మిగతాదంతా వాటిలోంచే పుట్టింది. మా వాడి తొమ్మిదో పుట్టినరోజు. నెల్లూరులో తీరిగ్గా టిఫిన్ తిని బయల్దేరి ఒంటిగంట దాటాక మహాబలిపురం చేరాం. లైట్‌హౌస్ భోజన విరామానికి మూసి ఉంది. కారు డిక్కీలో పెట్టిన కేకు మీద క్రీము కరిగి, వాడి పేరులో సగం అక్షరాలు పెట్టె మూతకి అంటుకున్నాయి. సాయంత్రం బీచ్‌లో కొవ్వొత్తులు వెలిగిద్దామంటే ఆ గాలికి అగ్గిపుల్ల కూడా నిలవలేదు. మా అత్తయ్య ఎండకి తాళలేక పొద్దుగూకేదాకా ఒకే చెట్టు కింద కూర్చుని, "ఇంట్లో పాయసం చేసుకుని తిన్నా సరిపోయేదే అమ్మాయ్" అంది. ఆవిడన్నది నిజమే.

మరుసటి ఏడు అదే ఊరికి, అదే మనుషులం మళ్లీ వెళ్లాం. ఈసారి చూడాల్సిన వాటి జాబితా పక్కన పడేసి, ఎండ ఎటు ఉంటుందో చూసుకుని ప్లాను వేశాం. రెండు రోజులు, ఒక రాత్రి. హాయిగా గడిచింది. అది ఎలాగో ఒక్కొక్కటిగా రాస్తున్నాను.

1. ముందు తేదీ సంగతి

పుట్టినరోజు నాడే బయల్దేరకండి. ముందురోజు మధ్యాహ్నానికి అక్కడికి చేరిపోండి. గాలి వాన వల్లో మరో కారణం చేతో ఆ సాయంత్రం లైట్‌హౌస్ ఎక్కనివ్వకపోతే, మర్నాడు ఇంకో అవకాశం ఉంటుంది. ఒక్కరోజు ప్లానులో ఆ వెసులుబాటు లేదు. పైగా పుట్టినరోజు పొద్దున్నే సముద్రం ఒడ్డున నిద్ర లేవడం కంటే బహుమతి ఏముంటుంది చెప్పండి.

డిసెంబరు చివరి నుంచి ఫిబ్రవరి దాకా అన్నిటికంటే మంచి కాలం. అక్టోబరు, నవంబరు నెలల్లో అక్కడ ఈశాన్య రుతుపవనాల వానలు, తుఫాన్లు ఉంటాయి కాబట్టి తేదీ అప్పుడే పడితే హోటల్ రద్దు చేసుకునే వీలున్నదే బుక్ చేసుకోండి. మే నెల పుట్టినరోజైతే నా సలహా ఏమిటంటే ఇంట్లో చేసేసుకుని, ఈ ప్రయాణం జనవరికి వాయిదా వేయండి, పిల్లలకి రెండు పండగలు దొరుకుతాయి. జనవరిలో కూడా ఒక్క రోజు మాత్రం తప్పించుకోవాలి. మన ముక్కనుమ నాడు తమిళులకు కాణుం పొంగల్, చెన్నై చుట్టుపక్కల వాళ్లంతా ఆ రోజు బీచ్‌ల మీదే ఉంటారు. కారు ఊళ్లోకి కూడా పోదు.

2. చేరడం

మహాబలిపురానికి రైల్వే స్టేషన్ లేదు. చెన్నైకి దక్షిణంగా దాదాపు 55-60 కి.మీ., ఈస్ట్ కోస్ట్ రోడ్డు మీద ఉంటుంది, అందరూ ఈసీఆర్ అంటారు. రైల్లో వచ్చేవాళ్లు చెన్నై సెంట్రల్‌లో దిగి నగరమంతా ఈదడం కంటే చెంగల్పట్టులో దిగడం నయం, అక్కడి నుంచి సుమారు 30 కి.మీ. కాచిగూడ నుంచి చెంగల్పట్టు ఎక్స్‌ప్రెస్, కాకినాడ వైపు నుంచి సర్కార్ ఎక్స్‌ప్రెస్ చెంగల్పట్టు వస్తాయి. రోజులూ వేళలూ టికెట్ తీసేటప్పుడు చూసుకోండి, మారుతుంటాయి.

చెంగల్పట్టు నుంచి వచ్చే దారిలోనే తిరుక్కళుకుండ్రం తగులుతుంది. ఈ పేరు చెబితే మనవాళ్లు తెల్లమొహం వేస్తారు గానీ, పక్షితీర్థం అనండి, ఇంట్లో పెద్దవాళ్లు వెంటనే గుర్తుపడతారు. మధ్యాహ్నం పూట రెండు గద్దలు కొండ మీదికి వచ్చి పూజారి చేతి ప్రసాదం తిని వెళ్లేవని చెప్పుకునే ఊరు ఇదే. ఇప్పుడు పక్షులు రావడం లేదు, గుడి ఉంది, మెట్లు ఐదొందల పైమాటే. పుట్టినరోజు ప్రయాణంలో ఆ మెట్లూ లైట్‌హౌస్ మెట్లూ రెండూ పెట్టుకోకండి, కింద నుంచి దణ్ణం పెట్టుకుని సాగిపోండి.

నెల్లూరు, ఒంగోలు వైపు నుంచి కారులో వచ్చేవాళ్లు చెన్నై ఊళ్లోకి దిగొద్దు. మీంజూరు నుంచి వండలూరు దాకా 62 కి.మీ. ఔటర్ రింగ్ రోడ్డు ఉంది, దాని మీదికి ఎక్కి వండలూరులో దిగి, కేళంబాక్కం మీదుగా ఈసీఆర్ పట్టుకుంటే సరి. మేం మొదటిసారి మ్యాపు చూపించిన దగ్గరి దారిని నమ్మి నగరంలోంచి పోయాం. అక్కడ పోయిన టైమే మా లైట్‌హౌస్‌ని మూయించింది.

3. బస

ఊరు చిన్నది, కొండ, గుడులు, బీచ్ అన్నీ నడక దూరంలో ఉంటాయి. ఊరి బయట ఈసీఆర్ వెంబడి రిసార్టులు బోలెడు, స్విమ్మింగ్ పూల్ అదీ ఉంటుంది. కానీ ఈ ప్లానుకి ఊళ్లోనే ఉండాలి, ఎందుకంటే మనకు పొద్దున్న ఆరింటికీ, రాత్రి ఏడున్నరకీ బీచ్ కావాలి. బుక్ చేసేటప్పుడు రెండే అడగండి: మేడ మీదికి వెళ్లనిస్తారా, ఫ్రిజ్‌లో కేకు పెట్టుకోనిస్తారా. మేడ మీద నుంచి లైట్‌హౌస్ కనబడితే మీ అదృష్టం. ఈ రెండు ప్రశ్నలకి సూటిగా జవాబు చెప్పని చోట నేనైతే దిగను.

4. మొదటి రోజు, మధ్యాహ్నం మూడు దాకా

ఏమీ చేయకండి. భోంచేసి పడుకోండి. అక్కడి బండరాళ్లు మిట్టమధ్యాహ్నం పెనంలా కాలతాయి.

5. మూడింటికి కొండ దగ్గరికి

ముందు కొండ కింద ఉన్న పెద్ద శిల్పం. అర్జునుడి తపస్సు అని కొందరు, గంగావతరణం అని కొందరు అంటారు, దాదాపు 30 మీటర్ల పొడవున రెండు పెద్ద బండల మీద చెక్కారు. పెద్దవాళ్లు పైకి చూసి ఆహా అనుకుంటారు, పిల్లలు రెండు నిమిషాల్లో విసుక్కుంటారు. అందుకని మా వాడికి ముందే ఒక చీటీ రాసిచ్చాను: తపస్సు చేస్తున్న పిల్లి ఎక్కడుంది, దాని చుట్టూ ఉన్న ఎలుకల్ని లెక్కపెట్టు, వెనక కాలితో ముక్కు గోక్కుంటున్న జింకని పట్టుకో, ఏనుగు పిల్లలు ఎన్ని. మనం కొంగ జపం అంటాం, పల్లవుల శిల్పి దాన్ని పిల్లి చేత చేయించాడు. ముందు కాళ్లు పైకెత్తి, ఒళ్లు నిటారుగా పెట్టి, ఎంత భక్తిగా నిలబడుతుందో. మా వాడు జింక కోసం పావుగంట వెతికాడు, చెప్పబోతే చెప్పనివ్వలేదు.

దాని పక్కనే కృష్ణుడి వెన్నముద్ద అనే గుండ్రాయి. సుమారు 250 టన్నుల బండ జారుడు వాలు మీద జారకుండా నిలబడి ఉంటుంది. 1908లో మద్రాసు గవర్నరుగా ఉన్న ఆర్థర్ లాలీ దాన్ని ఏనుగులతో లాగించాలని చూశాడనీ, కదల్లేదనీ చెబుతారు. రాయి కింద చేతులు పెట్టి మోస్తున్నట్టు ఫొటో అందరూ తీసుకుంటారు, మీరూ తీసుకోండి, సిగ్గుపడకండి. తర్వాత నాలుగు లోపు కొండ దక్షిణం వైపుకి నడవండి.

6. రెండు లైట్‌హౌస్‌లు

ఈ ప్రయాణానికి ప్రాణం ఇక్కడుంది, హడావుడి పడొద్దు. చాలామంది లైట్‌హౌస్ ఒక్కటే అనుకుని టికెట్ కొని ఎక్కి దిగిపోతారు. పక్కనే ఇంకోటి ఉంది.

ముందు మహిషాసురమర్దని గుహలోకి వెళ్లండి. ఒక గోడ మీద సింహం ఎక్కి విల్లు పట్టుకున్న దుర్గ, ఎదురుగా గద పట్టుకుని వెనక్కి తగ్గుతున్న మహిషుడు. ఎదుటి గోడ మీద శేషశయనం మీద విష్ణువు. ఇటు యుద్ధం, అటు నిద్ర. గుహ పైన, కొండ కొసన చిన్న రాతి గుడి ఒకటి కనిపిస్తుంది, శిఖరం లేదు. ఒలక్కణ్ణేశ్వర ఆలయం, 8వ శతాబ్దం నాటిది. పాత లైట్‌హౌస్ అని ఊళ్లో అనేది దీన్నే. 1887లో ఇక్కడ ఓడల కోసం దీపం పెట్టాలనుకున్నప్పుడు కొత్తగా ఏమీ కట్టలేదు, ఈ గుడి పైకప్పు మీదే పెట్టేశారు. పల్లవుల కాలంలోనే ఇక్కడ రాత్రిళ్లు మంట వేసేవాళ్లని గైడ్లు చెబుతారు. అది ఎంతవరకు నిజమో గానీ, సముద్రంలోంచి చూస్తే ముందు కంటబడేది ఈ కొండ కొసే, దేవుడికైనా దీపానికైనా అదే చోటు తోచింది. గుడి దగ్గరికి బండలో చెక్కిన మెట్లు ఉన్నాయి, నిటారుగా ఉంటాయి, పెద్దవాళ్లని పైకి రమ్మని బలవంతపెట్టకండి.

ఆ గుడి పక్కనే ఇప్పటి లైట్‌హౌస్, 1904 నుంచి పనిచేస్తున్న గుండ్రటి రాతి టవర్, సుమారు 26 మీటర్ల ఎత్తు. సిమెంటు పూత, రంగు చారలు లేకుండా రాయి రాయిలాగే కనబడుతుంది, అందుకే పక్కనున్న గుడులతో కలిసిపోతుంది. భద్రతా కారణాలతో 2001లో మూసేసి 2011లో మళ్లీ జనాన్ని రానిచ్చారు. పక్కనే పాత దీపాలు, సముద్రయాన పరికరాలు పెట్టిన చిన్న మ్యూజియం ఉంది, ముందు అది చూసి తర్వాత ఎక్కితే పిల్లల ప్రశ్నలకి సగం జవాబులు అక్కడే దొరుకుతాయి.

ఎక్కేటప్పుడు గుర్తుంచుకోవాల్సినవి: మధ్యాహ్నం విరామం ఉంటుంది, సూర్యాస్తమయం కాకముందే మూసేస్తారు, సెలవు రోజు ఏదో హోటల్ వాళ్లని ముందురోజే అడగండి. టికెట్ చిన్న మొత్తమే, చిల్లర దగ్గర పెట్టుకోండి. ఆటోవాళ్లతో లైట్‌హౌస్ అంటే చాలు, బోర్డు మీద తమిళంలో 'కలంగరై విళక్కం' అని ఉంటుంది. మెట్లు గుండ్రంగా, ఇరుగ్గా తిరుగుతాయి, ఎక్కేవాళ్లూ దిగేవాళ్లూ ఎదురుపడితే గోడకి అతుక్కోవాలి. చీర కుచ్చిళ్లు, పట్టు లంగాలు ఇక్కడ తగవు. కొత్త బట్టలు రేపటికి. మోకాళ్ల నొప్పులున్నవాళ్లని కిందే ఉంచండి. మా అత్తయ్య కింద నీడలో కూర్చుని వేరుశనక్కాయలు తింటూ పైనున్న మాకు చెయ్యి ఊపింది, ఆ ఫొటోయే మాకు మిగిలిన వాటిల్లో మంచిది. పైకి చేరేసరికి గాలి కొడుతుంది, ఒక్కోసారి టోపీలు పోతాయి, ఫోను చేతికి తగిలించుకోండి.

పైన ఏం చూడాలి? తూర్పున సముద్రం, ఒడ్డున బొమ్మలంత చిన్నగా తీరాలయం, అంటే షోర్ టెంపుల్. దక్షిణాన రాతిలో చెక్కిన పంచరథాలు, ఇంకా దూరంగా కల్పాక్కం వైపు తీరం. అందరూ ఈ రెండు వైపులే చూసి దిగిపోతారు. మీరు పడమటికి తిరగండి. ఊరి వెనక నీళ్లు, వాటి గుండా పోయే కాలువ కనిపిస్తాయి. అది మన బకింగ్‌హాం కాలువే. కాకినాడ దగ్గర మొదలై నెల్లూరు జిల్లా మీదుగా మద్రాసు చేరి, ఇలా మహాబలిపురం వెనక నుంచి ఇంకా కిందికి పోయింది. మద్రాసు నగరంలోని ముక్కని 1877-78 కరువులో కూలి పని కోసం తవ్వించారు. ఒకప్పుడు పడవల్లో సరుకు దీని మీదే నడిచింది. మా ఊరి కాలువ ఇక్కడిదాకా వచ్చిందా అని మా వాడు నోరెళ్లబెట్టాడు.

ఇంకో ఆట. మనం ఎంత ఎత్తులో ఉన్నామో మీటర్లలో తీసుకుని, దాని వర్గమూలాన్ని 3.57తో గుణిస్తే ఎన్ని కిలోమీటర్ల దూరం దాకా సముద్రం కనబడుతుందో వస్తుంది. నీళ్ల అంచున నిలబడ్డ పదేళ్ల పిల్లాడికి అది నాలుగు కిలోమీటర్లే. కొండా టవరూ కలిపి 50 మీటర్లు అనుకుంటే 25 కిలోమీటర్లు. లైట్‌హౌస్‌లని ఎత్తు మీద ఎందుకు కడతారో ఇంతకంటే బాగా ఎవరూ చెప్పలేరు.

ఒక మాట: సముద్రంలో సూర్యాస్తమయం కోసం ఎదురుచూడకండి. మనది తూర్పు తీరం, పొద్దు వెనక కాలువ వైపు కుంకుతుంది. సముద్రంలోంచి వచ్చేది పొద్దున్న.

7. రాత్రి బీచ్‌కి, వీపు సముద్రానికి పెట్టి

ఏడు దాటాక బీచ్‌కి వెళ్లి కొండ వైపు తిరిగి కూర్చోండి. సాయంత్రం ఎక్కిన టవర్ మీంచి వెలుగు తిరుగుతూ వస్తుంది. ఏ లైట్‌హౌస్ వెలుగుకైనా దాని లయ దానికి ఉంటుంది, ఎన్ని సెకన్లకి ఎన్ని మెరుపులు అనేది. ఓడల వాళ్ల దగ్గరున్న పుస్తకాల్లో అది రాసి ఉంటుంది, చీకట్లో లెక్కపెట్టి ఇది ఫలానా ఊరు అని తెలుసుకుంటారు. పిల్లల చేతికి వాచీ ఇచ్చి లెక్కపెట్టించండి. ఆ అంకె నేను చెప్పను. మా వాడూ, వాళ్ల నాన్నా ఒక సెకను తేడా దగ్గర గొడవపడి పది సార్లు లెక్కపెట్టారు, ఈలోగా నేనూ అత్తయ్యా రెండు పొట్లాల సుండల్, అదే మన శనగ గుగ్గిళ్లు, ఖాళీ చేశాం.

నీళ్లలోకి మాత్రం దిగొద్దు, పగలైనా సరే. అలలు చూడ్డానికి మామూలుగానే ఉంటాయి, లోపలికి లాగే ప్రవాహం మాత్రం గట్టిది. పాదాలు తడిస్తే చాలు, పిల్లల చెయ్యి వదలకండి.

చేపలు తినేవాళ్లు ఒత్తవాడై వీధికి వెళ్లండి. బయట పళ్లెంలో పేర్చిన చేపల్లోంచి మీరే ఎంచుకోవచ్చు, కానీ పొయ్యి మీద పెట్టకముందే ధర, తూకం రెండూ తేల్చుకోండి. వంజరం అక్కడా వంజరమే. మనకి కారం చాలదు. ఆవకాయ సీసా తీసుకెళ్లిన మా అత్తయ్యని ఆ రాత్రి ఎవరూ ఎగతాళి చేయలేదు.

8. పుట్టినరోజు పొద్దున్న

ఆరింటికల్లా బీచ్. జనవరిలో ఆరున్నర ప్రాంతంలో పొద్దు పొడుస్తుంది. పడవలు వచ్చే వేళ, వలలు దులుపుతుంటారు. వచ్చి తలంటు పోసి కొత్త బట్టలు వేయండి.

అర్చన చేయించాలనుకుంటే తీరాలయానికి కాదు, అక్కడ పూజలు లేవు. ఊరి నడిమధ్య స్థలశయన పెరుమాళ్ గుడి ఉంది, వైష్ణవులకు పవిత్రమైన 108 దివ్యదేశాల్లో ఒకటి. స్వామి ఇక్కడ శేషుడి మీద కాకుండా నేల మీదే పడుకుని ఉంటాడు. పక్కన ఇంత పెద్ద శిల్పాలున్నా, అవన్నీ చూడ్డానికి వచ్చినవాళ్లు ఈ గుడి ముందు నుంచే నడిచిపోతారు. పేరు, నక్షత్రం చెప్పండి, భాష రాకపోయినా ఆ రెండూ అందరికీ అర్థమవుతాయి.

గుడి నుంచి నేరుగా తీరాలయం, తర్వాత పంచరథాలు. రెంటికీ పురావస్తు శాఖ వారి ఒకే టికెట్, మనవాళ్లకి 40 రూపాయలు, పదిహేనేళ్ల లోపు పిల్లలకి అక్కర్లేదు. తీరాలయాన్ని 8వ శతాబ్దం మొదట్లో రాజసింహుడనే రెండో నరసింహవర్మ కట్టించాడు. 2004 సునామీకి సముద్రం వెనక్కి పోయినప్పుడు దీని దగ్గర ఇసక కింద ఉన్న పాత రాళ్లు బయటపడ్డాయి. పంచరథాలు కట్టినవి కావు, బండని పైనుంచి కిందికి చెక్కుతూ వచ్చినవి. పాండవులతో వాటికి సంబంధం లేదు, పేర్లు జనం పెట్టుకున్నవి. పిల్లలకి అక్కడి నిలువెత్తు రాతి ఏనుగు ఒక్కటి చాలు. పదిన్నరకి బయటపడండి, అప్పటికే ఎండ మాడు మీదికి వస్తుంది.

9. కేకు

పదకొండింటికి, గదిలో, ఏసీ వేసి. గుడుల దగ్గర, లైట్‌హౌస్ మీద కొయ్యనివ్వరు, అడగడం కూడా బాగోదు. బీచ్‌లో గాలి, ఇసక. క్రీము కేకు దూరం నుంచి మోసుకురావద్దు, క్రీము లేని కేకు గానీ ఊళ్లోనే ముందురోజు చెప్పి చేయించుకున్నది గానీ నయం. తమిళనాడులో 2019 నుంచి ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ మీద నిషేధం ఉంది కాబట్టి ప్లాస్టిక్ గ్లాసులు, థర్మాకోల్ ప్లేట్లు ఇంటి నుంచి తేకండి, ఆకు దొప్పలు తెచ్చుకోండి. మేం కేకు మీద పేరు రాయించడం మానేసి లైట్‌హౌస్ బొమ్మ వేయమన్నాం. వచ్చింది రాకెట్‌లా ఉంది. మా వాడు అదే నయమన్నాడు.

10. తిరుగు ప్రయాణం

భోజనం చేసి ఒంటిగంటకి గది ఖాళీ చేస్తే, చెన్నై వైపు వెళ్లేవాళ్లకి దారిలో రెండు చోట్లున్నాయి, ఒక్కటే ఎంచుకోండి. వడనెమ్మేలి దగ్గర 1976లో మొదలైన మొసళ్ల బ్యాంకు, అంటే మొసళ్లని పెంచే పార్కు, పిల్లలకి ఇది. ముట్టుకాడు దగ్గర దక్షిణచిత్ర, పెద్దవాళ్లకి అది. దక్షిణాది నలుమూలల నుంచి పాత ఇళ్లని విప్పి తెచ్చి మళ్లీ కట్టారు. అక్కడ నల్గొండ ఇక్కత్ నేతగాళ్ల ఇల్లూ, విశాఖ వైపు గుండ్రటి చుట్టిల్లూ ఉన్నాయి. మంగళవారం సెలవు. మొసళ్ల బ్యాంకు సెలవు రోజు కూడా ముందే చూసుకోండి. మేం ఓటు వేసుకుంటే మొసళ్లకి మూడు, చుట్టింటికి ఒకటి వచ్చాయి, ఆ ఒకటీ ఎవరిదో చెప్పక్కర్లేదు. ఆవిడ కోసం ఈ జనవరిలో మళ్లీ వెళ్తున్నాం. ఎక్కడైనా సరే నాలుగింటికల్లా కారెక్కేయండి, సాయంత్రం ఆఫీసులు వదిలాక కేళంబాక్కం రోడ్డు మీద గంట అదనంగా పడుతుంది.